మస్టరుకెక్కని చావులు

గనిలో పేలుడు జరిగినా, కర్మాగారంలో విషవాయువు వెలువడినా మరునాటి పత్రికల్లో మూడు అంకెలు కనిపిస్తాయి. చనిపోయినవారు ఎందరు, గాయపడినవారు ఎందరు, ప్రభుత్వం ప్రకటించిన ఎక్స్‌గ్రేషియా ఎంత. నాలుగో అంకె ఉండదు. చనిపోయిన మనిషి కుటుంబానికి చట్టప్రకారం రావలసిన పరిహారం ఎంత, దాన్ని యజమాని ఎక్కడ జమ చేయాలి, చేశాడా లేదా అన్న సంగతి ఎవరూ రాయరు. ఆ నాలుగో అంకె గురించే ఈ వ్యాసం.

ఎక్స్‌గ్రేషియా అన్న లాటిన్ మాటకు 'దయతో' అని అర్థం. బాధ్యత ఒప్పుకోకుండా, దయతలచి ఇచ్చే సొమ్ము అది. పరిహారం అలాంటిది కాదు. అది అప్పు లాంటిది, యజమాని తీర్చి తీరవలసినది. ఈ రెంటికీ ఉన్న తేడా సొమ్ములో మాత్రమే లేదు. దయను అందుకునే స్త్రీ చేతులు జోడించి నిలబడాలి. అప్పు వసూలు చేసుకునే స్త్రీ లెక్క అడగవచ్చు. పల్లెల నుంచి మిల్లులకూ గనులకూ వెళ్లి చనిపోయినవారిని మన సమాజం 'కూలి' అంటుందే తప్ప 'కార్మికుడు' అనదు. అలా అననంత కాలం వాళ్ల ఇళ్లలోని స్త్రీలు మొదటి స్థానంలోనే నిలబడి ఉంటారని నా అభిప్రాయం. దీన్ని నేను నా పరిశోధన కంటే ముందు మా ఇంట్లోనే తెలుసుకున్నాను.

శిరివెళ్ల నుంచి మిల్లు దాకా

మాది శిరివెళ్ల. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఉంటుంది. బ్రిటిషు వాళ్ల కాలంలో కర్నూలు జిల్లాలో ఒక తాలూకాకు మా ఊరి పేరే ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో మండల కేంద్రం. తూర్పున నల్లమల, చుట్టూ నల్లరేగడి నేల. నల్లరేగడి అంటే పత్తి. పత్తి పండే చోటికి జిన్నింగ్ మిల్లులు వస్తాయి. నంద్యాలలోనూ ఆదోనిలోనూ అవి బ్రిటిషు కాలంలోనే వచ్చాయి. వాటిలో పని ఏడాది పొడుగునా ఉండదు. పత్తి ఇళ్లకు చేరిన తర్వాత కొన్ని నెలలు మాత్రమే నడుస్తుంది. అందువల్ల అక్కడ పని చేసే పల్లె మనిషి యజమాని దృష్టిలో కార్మికుడు కాదు, సీజను కూలి. ఊరి దృష్టిలోనూ కార్మికుడు కాదు, నాలుగు నెలలు టౌనుకు పోయి వచ్చే రైతు. రెండు చోట్లా పని చేసి, ఏ చోటి లెక్కలోకీ రాని మనిషి.

మా అబ్బ, అంటే మా నాయన తండ్రి, అలాంటి మనిషి. 1950ల మొదట్లో రాయలసీమను పట్టిన కరువులో గంజి కేంద్రాలు నడిచిన సంగతి మన పెద్దవాళ్లకు తెలుసు. ఆ కరువులో ఉన్న కాస్త నేలా తాకట్టుకు పోయింది. తర్వాత ఆయన పత్తి కాలంలో నంద్యాలలో ఒక మిల్లుకు పనికి పోయేవాడు. ఆ దశాబ్దం చివర్లో ఒకరోజు యంత్రాన్ని తిప్పే బెల్టు జారింది. యంత్రం ఆపితే పని ఆగుతుంది కాబట్టి తిరుగుతుండగానే బెల్టు ఎక్కించమన్నారు. పంచె అందులో చిక్కుకుంది. శవం ఎద్దుల బండిలో ఊరికి వచ్చింది.

దాని తర్వాత జరిగింది మా జేజి నోటనే చాలాసార్లు విన్నాను. "మిల్లోళ్లు ఏమో రాసుకొచ్చినారు పాపా. నా యాలు పట్టుకోని మీ పెద్దబ్బే అద్దించినాడు. ఏం రాసినారని అడిగేదానికి నాకు అప్పుడు నోరు యాడుండింది?" రెండు బస్తాల జొన్నలు, కొంత డబ్బు వచ్చాయట. జొన్నలు ఇంటికి వచ్చాయి. డబ్బు అబ్బ అన్న చేతికి పోయింది. అప్పటికి జేజికి ముగ్గురు పిల్లలు. పెద్దవాడైన మా నాయనకు బడి వయసు.

మా ఇంట్లో ఈ చావుకు సంబంధించి ఒక్క కాగితం లేదు. వేలిముద్ర వేయించుకున్న కాగితం మిల్లు దగ్గర ఉండిపోయింది. ఊళ్లో ఆ చావును 'రాత' అన్నారు. జేజి కాలు మంచిది కాదన్నారు కొందరు. యంత్రాన్ని ఆపకపోవడం గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. గమనించండి, ఒక పారిశ్రామిక ప్రమాదం ఊరి పొలిమేర దాటి లోపలికి వచ్చేసరికి ఒక స్త్రీ జాతకంలోని దోషంగా మారిపోయింది. యజమాని తప్పును విధవరాలి తలకు చుట్టడంలో పితృస్వామ్యమూ పెట్టుబడీ ఒకదానికొకటి ఎంత సాయం చేసుకుంటాయో చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

అప్పటికే ఉన్న చట్టం

ఆ రోజుల్లో చట్టాలు లేవు కదా అని చాలామంది అనుకుంటారు. ఉన్నాయి. కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది, 1924 జూలై 1 నుంచి అమలైంది. మా అబ్బ చనిపోయేనాటికి దానికి ముప్పై ఏళ్లు దాటాయి. కర్మాగారంలో పని చేస్తూ ప్రమాదంలో చనిపోతే యజమాని పరిహారం కట్టాలని అందులో ఉంది. సీజను కూలి అయినా సరే, చేసే పని యజమాని వ్యాపారానికి సంబంధించినదైతే వర్తిస్తుంది. కాంట్రాక్టరు కింద ఉన్నా అసలు యజమాని బాధ్యత పోదని 12వ సెక్షను చెప్పింది. కార్మికుడు తన హక్కును వదులుకుంటున్నట్టు రాసిచ్చిన ఒప్పందం చెల్లదని 17వ సెక్షను చెప్పింది. చావు కేసులో పరిహారాన్ని కుటుంబం చేతిలో పెట్టి పంపేస్తే కూడా చెల్లదు, కమిషనర్ దగ్గర జమ చేయాలి. అంటే ఆ జొన్నల బస్తాలతో, ఆ వేలిముద్రతో మిల్లు బాధ్యత తీరలేదు.

ఈ చట్టాన్ని స్త్రీల వైపు నుంచి చదివినప్పుడు 8వ సెక్షను దగ్గర ఆగాలి. స్త్రీకి గానీ, చట్టరీత్యా అశక్తులైనవారికి గానీ చెల్లించే ఏకమొత్తం పరిహారాన్ని కమిషనర్ దగ్గర జమ చేయడం ద్వారా తప్ప మరో విధంగా చెల్లించరాదని అందులో రాశారు. మైనరును, మతిస్థిమితం లేని వ్యక్తిని పెట్టిన వరసలోనే వయసొచ్చిన స్త్రీనీ పెట్టారు. కమిషనర్ ఆ సొమ్మును ఆమె మేలు కోసం ఎలా పెట్టుబడి పెట్టాలో కూడా తనే నిర్ణయించవచ్చు. దాదాపు నూరేళ్లు ఆ వాక్యం చట్టంలో నిలిచింది.

ఆ వాక్యం మనల్ని అవమానిస్తుంది. కానీ అదే వాక్యం అమలై ఉంటే మా జేజి డబ్బు ఆమె బావగారి చేతికి పోయేది కాదు. ఈ చిక్కును మనం తేలిగ్గా దాటేయకూడదు. స్త్రీకి తెలివి లేదు కాబట్టి రక్షణ అన్నది చట్టం మాట. ఆమె చుట్టూ ఆమె సొమ్ము మీద కన్నేసిన మగవాళ్లు ఉన్నారు కాబట్టి రక్షణ అన్నది అసలు వాస్తవం. మనం కోరవలసింది రక్షణను తీసేయమని కాదు, దాని కారణాన్ని సరిచేయమని. జమ కమిషనర్ దగ్గరే జరగాలి. ఆ తర్వాత సొమ్ము ఆమె పేరున ఉన్న ఖాతాలోకి రావాలి, దాన్ని ఏం చేయాలో ఆమె చెప్పాలి.

ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారు?

చట్టంలో పరిహారానికి అర్హులను 'ఆధారితులు' అంటారు. 1923 చట్టంలో భర్త చనిపోతే భార్య ఏ రుజువూ లేకుండానే ఆధారితురాలు. భార్య చనిపోతే భర్త మాత్రం తాను ఆమె సంపాదన మీద పూర్తిగానో కొంతైనానో ఆధారపడి బతికానని చూపించాలి. పైకి ఇది స్త్రీకి అనుకూలంగా కనిపిస్తుంది. దీని వెనక ఉన్న నమ్మకం మాత్రం ఒకటే: సంపాదించేది మగవాడు, తినేది ఆడది.

మా ఇంటి లెక్క వేరు. మిల్లు పని నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలు ఇల్లు నడిపింది జేజి కలుపు పని, పత్తి ఏరడం, జొన్న కోతలు, రెండు బర్రెలు. మిల్లు నడిచే నెలల్లో కూడా సద్దిమూట కట్టింది, పిల్లల్ని సాకింది, అత్తను చూసుకుంది ఆమే. మిల్లు యజమాని అంత తక్కువ కూలికి మనిషిని తెచ్చుకోగలిగాడంటే, ఆ మనిషిని మిగతా ఏడాది పోషించే పని శిరివెళ్లలో ఒక స్త్రీ కూలి లేకుండా చేస్తున్నందువల్లే. ఈ అర్థంలో మిల్లే ఆమె మీద ఆధారపడింది. భర్త పోయిన తర్వాత ఆమె చేసిన పని కొత్తది కాదు. అంతకు ముందు చేసినదే, ఒంటరిగా, అప్పుతో సహా చేసింది. ముగ్గురు పిల్లల్లో చదువు మానింది ఒక్కరే, ఆడపిల్ల. మా అత్త తొమ్మిదో ఏట కలుపుకు పోయింది. ప్రమాదం ఖరీదు చివరికి ఎవరి బాల్యంలోంచి వసూలైందో ఏ పరిహార పట్టికలోనూ ఉండదు.

చనిపోయేది స్త్రీ అయితే

స్త్రీ చనిపోయినప్పుడు ఈ లెక్క ఇంకా బయటపడుతుంది. పరిహారం సూత్రం ఇది: నెల వేతనంలో సగాన్ని, వయసును బట్టి పట్టికలో ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఈ లెక్కకు తీసుకునే నెల వేతనాన్ని 15,000 రూపాయల వరకు నిర్ణయించింది. 40 ఏళ్ల వయసుకు గుణకం 184.17. నెలకు 15,000 వచ్చే 40 ఏళ్ల మగ కార్మికుడు చనిపోతే 7,500ను 184.17తో హెచ్చిస్తే 13,81,275 రూపాయలు. అదే చోట, అదే వయసులో, ఆడకూలి అని 9,000 రాసిన స్త్రీ చనిపోతే 4,500ను హెచ్చిస్తే 8,28,765 రూపాయలు. ఐదున్నర లక్షల తేడా. కూలిలో ఉన్న వివక్ష చావుతో ఆగదు, దాటి వెళుతుంది. సమాన వేతనం కోసం మనం చేసే పోరాటం బతికున్న రోజులకు మాత్రమే సంబంధించినది కాదని దీన్ని బట్టి అర్థమవుతుంది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల పనికి పోయే స్త్రీలతో మాట్లాడేవాళ్లు ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించాలి.

యంత్రాల విషయంలో చట్టం స్త్రీలను చూసిన తీరు కూడా గమనించదగినదే. 1948 కర్మాగారాల చట్టం 27వ సెక్షను పత్తి ప్రెస్సుల్లో కాటన్ ఓపెనర్ నడిచే భాగంలో స్త్రీలూ పిల్లలూ పని చేయకూడదంది. ప్రమాదం ఉన్న చోట యంత్రానికి కంచె వేయడం ఒక పద్ధతి, స్త్రీని బయటికి పంపడం మరో పద్ధతి. రెండోది యజమానికి తేలిక. కంచె లేని బెల్టు దగ్గర మా అబ్బ లాంటి మగవాళ్లు చనిపోవడం దానివల్ల ఆగదు. స్త్రీల భద్రత పేరుతో పని పోగొట్టే నియమాల కంటే అందరి ప్రాణం కాపాడే నియమాలే స్త్రీలకు ఎక్కువ మేలు చేస్తాయి.

ఒకే చావుకు వేరువేరు ధరలు

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. 2018 ఆగస్టు 3న ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగి పదిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒడిశా నుంచి వచ్చిన కూలీలు. 2020 జూన్‌లో నంద్యాలలోనే ఒక ఆగ్రో కర్మాగారంలో అమ్మోనియా వెలువడి ఒకరు చనిపోయారు. 2021 మే 8న నల్లమలకు అవతల, కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లెలో ముగ్గురాయి గని దగ్గర జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పదిమంది చనిపోయారు. శరీరాలు గుర్తుపట్టలేనంతగా ఛిద్రమయ్యాయి.

మరోవైపు 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వెలువడి 12 మంది చనిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది చనిపోయినప్పుడూ, 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో నలభై మందికి పైగా చనిపోయినప్పుడూ కోటి మాట వినిపించింది. ఆ కుటుంబాలకు అది దక్కాలి, ఇంకా దక్కాలి. నా ప్రశ్న వేరు. ఆ సొమ్ముకు కొలత ఏమిటి? పట్టణానికి దగ్గర, కెమెరాలు వచ్చేంత పెద్ద ప్రమాదం, అన్నీ ఒకేసారి జరిగిన చావులు. కొలత ఇదే అయితే ఒక్కడే బెల్టు కింద నలిగిపోయిన మనిషికి, ఒక్కతే ట్రాక్టరు కింద పడిన కూలి మనిషికి ధర ఎంత? దయకు కొలత ఉండదు. హక్కుకు ఉంటుంది. ఒక్క చావైనా, వంద చావులైనా చట్టంలోని గుణకం మారదు.

"చట్టం దారి పొడుగు కదా" అంటే

మన కార్యకర్తలు అనే మాట ఒకటి ఉంది, అందులో న్యాయం ఉంది. "అక్కా, ఆమెకు రేపటికి బియ్యం లేవు. వచ్చే డబ్బు ఇప్పించేద్దాం. కేసు వేస్తే ఎన్నేళ్లకు తేలుతుంది?" మహారాష్ట్రలో ఒక చక్కెర కర్మాగారం కావలివాడు 2003 ఏప్రిల్‌లో పనికి పోతూ దారిలో ప్రమాదానికి గురై చనిపోయాడు. హైకోర్టు కాదన్న పరిహారాన్ని సుప్రీంకోర్టు 2025 జూలైలో తిరిగి ఇచ్చింది. పనికి వచ్చేపోయే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో దానికి సంబంధం ఉంటే, ఈ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. గొప్ప తీర్పు. అయితే ఆ కుటుంబం దానికోసం ఇరవై రెండేళ్లు ఎదురుచూసింది. అంతకాలం బతకమని ఏ స్త్రీకైనా ఎలా చెప్తాం?

ఆ మాటకు నా జవాబు ఇది. ఎక్స్‌గ్రేషియా తీసుకోవడానికీ పరిహారం అడగడానికీ పోటీ లేదు. ప్రభుత్వం దయతో ఇచ్చినది యజమాని బాధ్యతను చెరిపేయదు. మొదటిది తీసుకుంటూనే రెండోదానికి దరఖాస్తు పెట్టవచ్చు, పెట్టాలి. గడువు రెండేళ్లు. నెలలోగా కట్టని యజమాని ఏడాదికి 12 శాతం వడ్డీ కట్టాలి, సమంజసమైన కారణం లేకపోతే సగం దాకా జరిమానా కూడా పడవచ్చు. ఆలస్యానికి మూల్యం యజమాని చెల్లించేలా ఈ ఏర్పాటు చేశారు. దాన్ని వాడకపోతే ఆలస్యం ఆయనకే లాభం. దారి పొడుగైతే మొదటి రోజే బయలుదేరాలి, నడవడం మానుకోకూడదు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. పరిహారం సూత్రం కొనసాగింది. అయితే కర్మాగారం అన్న నిర్వచనం మారింది. పాత చట్టంలో కరెంటు వాడే చోట 10 మంది, లేని చోట 20 మంది ఉంటే కర్మాగారం. కొత్త కోడ్‌లో అది 20, 40 అయింది. పల్లెల చుట్టూ ఉండే చిన్న పాలిషింగ్ యూనిట్లూ మిల్లులూ కర్మాగారాల భద్రతా నియమాల నుంచి జారిపోయే దారి ఇది. పరిహారం హక్కు ఈ సంఖ్య వల్ల పోదని ఆ స్త్రీలకు చెప్పేవాళ్లు ఉండాలి.

మన ముందున్న పని

ప్రమాదం జరిగిన ఊరికి పోయినప్పుడు ఓదార్పుతో పాటు మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. పోలీసు ఫిర్యాదులోనూ పంచనామాలోనూ పని చేసిన చోటు, యజమాని, మేస్త్రీ పేర్లు పడేలా చూడాలి. 'యంత్రంలో పడి మృతి' అని రాసి వదిలేస్తే ఆ యంత్రం ఎవరిదో తర్వాత తేలదు. మస్టరులో పేరు లేకపోతే పక్కన పని చేసినవాళ్ల చేత, కూలి పంచిన మేస్త్రీ చేత చెప్పించాలి. ఇంట్లో ఏ కాగితం మీదా వేలిముద్ర పడకుండా చూడాలి, ఇప్పటికే పడి ఉంటే దానికి విలువ లేదని ఆమెకు ధైర్యం చెప్పాలి. దరఖాస్తు ఆమె పేరున పెట్టించాలి, బావగారి పేరునో మామ పేరునో కాదు. ట్రాక్టరుతోనో నూర్పిడి యంత్రంతోనో చేసే వ్యవసాయ పని కూడా పరిహార చట్టం పరిధిలో ఉందని కూలి సంఘాలకు తెలియజేయాలి.

వీటన్నిటికంటే సులువైనది ఇంకొకటి ఉంది. పాత చట్టంలో 10ఎ అనే సెక్షను ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. ఒక కార్మికుడు ప్రమాదంలో చనిపోయినట్టు ఎవరి ద్వారా తెలిసినా సరే, అధికారి యజమానికి నోటీసు పంపి ముప్పై రోజుల్లో వివరం అడగవచ్చు. ఎవరి ద్వారా అయినా అంటే మన సంఘం రాసిన ఒక ఉత్తరం చాలు. మా జేజి కాలంలోనూ ఈ సెక్షను ఉంది. ఉత్తరం రాసే మనిషి ఆమె చుట్టూ లేరు. ఈరోజు మనం ఉన్నాం.

ఇంకో పని కూడా కోరుతున్నాను. మన మండలాల్లో ప్రతి వాడలోనూ మిల్లులో, గనిలో, క్వారీలో పోయిన ఒక తాతో, మేనమామో, అమ్మమ్మో ఉంటారు. వాళ్లు ఎక్కడ, ఏ పనిలో, ఎలా పోయారో, ఎవరు ఏం ఇచ్చారో, ఆ తర్వాత ఇంటిని ఎవరు మోశారో మిగిలి ఉన్న స్త్రీలను అడిగి రాయండి. పాత చావులకు ఇప్పుడు పరిహారం రాదు. కానీ వాటిని 'రాత' అనే మాట నుంచి తీసి 'ప్రమాదం' అనే మాట కింద రాసినప్పుడు, రేపు ఇంకో ఇంట్లో అదే జరిగితే ఆ ఊరు యంత్రం ఎందుకు ఆపలేదని అడగడం నేర్చుకుంటుంది. మస్టరు మిల్లు యజమాని చేతిలో ఉంటుంది. ఈ జాబితా మాత్రం మన చేతిలో ఉండాలి.